వేటకు బలైన జాతులు: ఆక్ పక్షి నుంచి బస్తర్ అడవి గేదె దాకా

ఒక పక్షో జంతువో భూమ్మీద లేకుండా పోయినప్పుడు, కారణం ఫలానా అని ఒక్కదాన్నే వేలెత్తి చూపడం చాలాసార్లు కుదరదు. అడవి తరుగుతుంది, చెరువులు ఎండుతాయి, పశువుల రోగాలు పాకుతాయి, వాటితోపాటు వేటా సాగుతుంది. ఏది ఎన్నిటిని చంపిందో విడదీసి చెప్పడం కష్టం. అయినా వేట ఒక్కటే ఒక జాతిని తుదముట్టించగలదని తేలిన ఉదంతాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ముందు చెప్పుకోవలసింది ఉత్తర అట్లాంటిక్ సముద్రపు పక్షి గ్రేట్ ఆక్. మన దేశం చీటాను పోగొట్టుకున్నదీ ప్రధానంగా ఆ దారిలోనే. ఆంధ్ర మైదానాలు బట్టమేక పిట్టను దాదాపుగా పోగొట్టుకున్నాయి. గోదావరికి ఉత్తరాన బస్తర్ అడవుల్లో అడవి గేదె చివరి మందలకు వచ్చింది. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి కళ్లకు కడుతుంది. పొట్ట కోసం చేసిన వేట వేల ఏళ్లు సాగినా ఈ జాతులు నిలిచాయి. సరుకు కోసం, గొప్ప కోసం వేట మొదలయ్యాక కొద్ది తరాల్లోనే కుప్పకూలాయి.

గ్రేట్ ఆక్ నిలబడితే రెండున్నర అడుగుల ఎత్తు ఉండేది, బరువు అయిదు కిలోలు. వీపు నలుపు, పొట్ట తెలుపు, ముక్కుకూ కంటికీ నడుమ తెల్లటి పెద్ద మచ్చ. రెక్కలు ఎగరడానికి చాలనంత పొట్టివి. నీటిలో ఆ రెక్కలతోనే వేగంగా ఈది, లోతుకు మునిగి చేపలు పట్టేది. నేల మీద మాత్రం దాని నడక నెమ్మది. పైగా ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు. గూడు కట్టడం లేదు, చదునైన రాతి మీద పెట్టి పొదిగేది. ఏడాదిలో ఎక్కువ కాలం నడిసముద్రంలో గడిపి, ఎండాకాలంలో మాత్రం గుడ్లు పెట్టడానికి కొన్ని రాతి దీవులకు చేరేది. మనిషి అడుగుపెట్టని దీవులు ఉన్నంతకాలం ఈ బతుకుతీరులో లోపం లేదు. పడవ ఒకటి ఆ దీవికి చేరిన రోజు నుంచి అదే దాని పాలిట శాపమైంది.

మనుషులు దాన్ని తినడం కొత్త కాదు. ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని కోస్కే గుహ గోడల మీద హిమయుగపు మనుషులు గీసిన బొమ్మల్లో ఈ పక్షిని పోలినవి ఉన్నాయి. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో, పోర్టో షువా అనే చోట, దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందటి సమాధి ఒకదానిలో రెండు వందలకు పైగా ఆక్ ముక్కులు దొరికాయి. మృతుడికి ఆ పక్షి చర్మాలతో కుట్టిన వస్త్రం కప్పి ఉంటారని పరిశోధకుల ఊహ. ఆ తీరాల ప్రజలకు ఆక్ ఆహారం, గౌరవ చిహ్నం కూడా. అన్ని వేల ఏళ్ల తర్వాత కూడా 1534లో ఫ్రెంచి నావికుడు జాక్ కార్టియే న్యూఫౌండ్‌లాండ్ పక్కనున్న ఫంక్ దీవికి చేరినప్పుడు, అరగంటలో రెండు పడవలు నిండేటన్ని పక్షులు అక్కడ ఉన్నాయి.

ఆ తర్వాత రెండు శతాబ్దాల పాటు కాడ్ చేపల వేటకు వచ్చే ఐరోపా ఓడలకు ఫంక్ దీవి తాజా మాంసం దొరికే మజిలీ అయింది. ఉప్పు వేసి పీపాల్లో నింపుకునేవారు, గుడ్లు బుట్టలకొద్దీ తీసుకుపోయేవారు, మిగిలింది గాలానికి ఎరగా వాడేవారు. అప్పటికీ పక్షి నిలదొక్కుకుంది. 18వ శతాబ్దం రెండో సగంలో పరుపులు, దిండ్ల కోసం ఈకల వ్యాపారం వచ్చింది. ఈడర్ బాతుల ఈకలు దొరకడం తగ్గాక వర్తకుల చూపు ఆక్ మీద పడింది. కూలీలు ఎండాకాలమంతా ఫంక్ దీవి మీదే మకాం వేసేవారు. పక్షుల్ని రాళ్ల దొడ్లలోకి తోలి, కర్రలతో కొట్టి చంపి, ఈకలు ఊడేందుకు మరుగుతున్న నీటిలో ముంచేవారు. ఆ దీవి మీద చెట్టు లేదు, పుల్ల లేదు. నీళ్లు కాచడానికి పొయ్యిలో వేసింది కూడా ఆక్ పక్షులనే, వాటి కొవ్వు బాగా మండుతుంది కనుక. ఈ మారణకాండ ఇలాగే సాగితే జాతి మిగలదని 1785లో జార్జ్ కార్ట్‌రైట్ అనే వర్తకుడు తన దినచర్యలో హెచ్చరించాడు. అతడూ ఆ తీరంలో బొచ్చు, చేపల వ్యాపారం చేసుకునేవాడే. ప్రభుత్వాలూ నిషేధాలు ప్రకటించాయి, కానీ నడిసముద్రంలోని రాతి దీవిలో వాటిని అమలు చేసేవారెవరు? 1800 దాటేసరికి ఫంక్ దీవి ఖాళీ అయింది. కుళ్లిన కళేబరాల వల్ల ఏర్పడిన మట్టి ఆ రాతి మీద ఇప్పటికీ ఉంది. పఫిన్ పక్షులు ఆ మట్టిలో బొరియలు తవ్వుకుని గుడ్లు పెడతాయి. 1887లో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ తరఫున ఫ్రెడరిక్ లూకాస్ అక్కడ తవ్వి ఆక్ ఎముకలు పెద్ద ఎత్తున సేకరించాడు. నేడు మ్యూజియాల్లో కనిపించే ఆక్ అస్థిపంజరాల్లో ఎక్కువ భాగం ఆ దీవివే.

చివరి అధ్యాయం ఐస్‌లాండ్‌లో నడిచింది. అక్కడి తీరానికి దూరంగా, పడవలు ఆగడానికి వీలులేని గేర్‌ఫుగ్లాస్కర్ అనే రాతి దీవి ఆక్ పక్షులకు రక్షణగా ఉండేది. 1830లో అగ్నిపర్వతం పేలి ఆ దీవి సముద్రంలో మునిగిపోయింది. మిగిలిన కొన్ని పదుల పక్షులు దగ్గర్లోని ఎల్డే దీవికి చేరాయి, కానీ అక్కడికి మనిషి ఎక్కగలడు. అప్పటికి ఈకల వ్యాపారం ముగిసి ఇంకో రకం కొనుగోలుదారు వచ్చాడు. అరుదైన పక్షి గనుక ఐరోపా మ్యూజియాలు, సంపన్న సేకర్తలు దాని చర్మానికి, గుడ్డుకు పెద్ద ధర కట్టారు. ఎంత అరుదైతే అంత ధర, ఎంత ధరైతే అంత వేట. జంతువు తగ్గేకొద్దీ గిట్టుబాటు కాక వేట ఆగుతుందనే లెక్క ఇక్కడ తలకిందులైంది.

1844 జూన్ మొదటి వారంలో యోన్ బ్రాండ్‌సన్, సిగుర్దుర్ ఈస్లెఫ్‌సన్, కేటిల్ కేటిల్‌సన్ అనే ముగ్గురు మరికొందరితో కలిసి పడవలో ఎల్డేకు వెళ్లారు. ఒక వర్తకుడు పక్షులు తెమ్మని పురమాయించాడు. దీవి మీద ఒక జంట, ఒక గుడ్డు. మొదటి ఇద్దరు చెరొక పక్షినీ వెంటాడి గొంతు నులిమారు. గుడ్డు అప్పటికే చిట్లి ఉందని మూడోవాడు దాన్ని వదిలేశాడని ఒక కథనం, ఆ తొక్కిసలాటలో అతడి బూటు కింద నలిగిందని మరో కథనం. నమ్మదగిన ఆధారాలతో ప్రాణాలతో పట్టుబడ్డ చివరి జంట అదే. 1852లో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర సముద్రంలో ఒక్క ఆక్‌ను చూశామన్న కబురు ఒకటి ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఈ ముగ్గురి పేర్లు మనకు తెలియడానికి కారకులు ఇద్దరు ఇంగ్లీషు పక్షి శాస్త్రజ్ఞులు, జాన్ వుల్లే, ఆల్ఫ్రెడ్ న్యూటన్. 1858లో వాళ్లు ఆక్‌ను వెతుక్కుంటూ ఐస్‌లాండ్ వెళ్లారు. సముద్రం ఉధృతంగా ఉండటంతో రెండు నెలలు ఒడ్డునే ఉండిపోవలసి వచ్చింది, ఎల్డే మీద అడుగు పెట్టలేకపోయారు. ఆ వ్యవధిలో పడవవాళ్లను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని అడిగి అంతా నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. రాస్తూ రాస్తూ తాము వెతుకుతున్న పక్షి ఇక లేదని వాళ్లకు అర్థమైంది. జీవజాతులు ప్రాచీన యుగాల్లోనే కాక తమ కళ్ల ముందే, మనిషి చేతి మీదుగా మాయమవుతాయని న్యూటన్ గట్టిగా వాదించడం అక్కడి నుంచే మొదలు. తర్వాత కేంబ్రిడ్జిలో ప్రాణిశాస్త్ర ఆచార్యుడైన న్యూటన్ గుడ్లు పొదిగే కాలంలో సముద్రపు పక్షుల వేటను ఆపాలని వాదించాడు. దాని ఫలితమే 1869 నాటి బ్రిటిష్ సముద్రపు పక్షుల రక్షణ చట్టం. ఆక్‌కు పాతికేళ్లు ఆలస్యమైంది గానీ, ఇతర సముద్రపు పక్షుల్లో చాలావాటికి ఆ చట్టం అక్కరకు వచ్చింది.

వాతావరణ మార్పు వల్ల ఆక్ అప్పటికే క్షీణిస్తూ ఉండేదేమో, వేట దాన్ని తోసిందేమో అన్న సందేహం చాలాకాలం ఉండేది. 2019లో వెలువడిన జన్యు అధ్యయనం ఆ సందేహాన్ని తీర్చింది. పాత ఎముకలు, చర్మాల నుంచి తీసిన డీఎన్‌ఏలో, ఐరోపా ఓడల వేట మొదలయ్యే నాటికి ఆ జాతి కుంగుతున్న జాడ లేదు. సంఖ్య బాగుంది, జన్యు వైవిధ్యం బాగుంది. వేట తీవ్రతను లెక్కగట్టి చూస్తే ఆ ఒక్క కారణమే నాశనానికి సరిపోతుందని తేలింది. లక్షల సంఖ్యలో ఉన్న పక్షి కూడా సురక్షితం కాదన్నది ఆ అధ్యయనం చెప్పే అసలు మాట.

ఇప్పుడు ప్రపంచంలో మిగిలింది 80కి అటూఇటూగా ఆక్ చర్మాలు, సుమారు 75 గుడ్లు. ఐస్‌లాండ్ దగ్గర ఒక్కటీ లేకపోవడంతో 1971లో లండన్ వేలంలో ఒక నమూనా అమ్మకానికి వచ్చినప్పుడు ఆ దేశ ప్రజలు చందాలు వేసుకుని 9,000 పౌండ్లకు కొన్నారు. తమ దీవి మీద స్వేచ్ఛగా తిరిగిన పక్షిని తిరిగి డబ్బు పెట్టి కొనుక్కోవలసి రావడం ఆ దేశానికి చేదైన అనుభవం.

ఆక్ ఒంటరి ఉదాహరణ కాదు. రష్యా తూర్పు కొసన కమాండర్ దీవుల దగ్గర 1741లో జర్మన్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు స్టెల్లర్ తొలిసారి వర్ణించిన కళ్లద్దాల నీటికాకి 1850 ప్రాంతానికల్లా వేటకు అంతరించింది. అదే దీవుల్లో అతడు చూసిన సముద్రపు ఆవు ఇంకా ముందే, 1768 నాటికే పోయింది, కనుగొన్న 27 ఏళ్లకే. జపాన్‌లోని తోరిషిమా దీవిలో పొట్టితోక ఆల్బట్రాస్‌ను ఈకల కోసం లక్షల్లో చంపారు. 1949లో అది అంతరించిందని ప్రకటించారు. కానీ 1951లో పది పక్షులు ఆ దీవి మీద కనిపించాయి. జపాన్ వాటిని గట్టిగా కాపాడింది, ఇప్పుడవి వేలల్లో ఉన్నాయి. పది పక్షుల నుంచి కూడా జాతి లేచి నిలబడగలదని తోరిషిమా చూపింది, వేట నిజంగా ఆగాలి, అంతే.

ఈకల సరుకు భారతదేశం నుంచీ పోయింది. ఐరోపా స్త్రీల టోపీల కోసం తెల్ల కొంగల కుచ్చు ఈకలు ఓడలకెక్కేవి. 1902లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం అడవి పక్షుల ఈకల ఎగుమతిని నిషేధించింది. మన చెరువుల కొంగలు బతికి బట్టకట్టాయి. ఆ భాగ్యం బట్టమేక పిట్టకు దక్కలేదు.

బట్టమేక పిట్ట సముద్రానికి దూరంగా, గడ్డి మైదానాల్లో బతికే భారీ పక్షి. పుంజు పదిహేను కిలోల దాకా తూగుతుంది, ఎగిరే పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో ఇదొకటి. ఆక్‌తో దీనికి ఒక పోలిక ఉంది. ఇది కూడా చాలావరకు ఏడాదికి ఒక్క గుడ్డే, గూడు లేకుండా నేల మీద పెడుతుంది. గుర్రాల మీద, తర్వాత జీపుల మీద వచ్చిన వేటగాళ్లకు బయట మైదానంలో తలెత్తి నిలబడే ఈ పక్షి సులభమైన గురి. 19వ శతాబ్దం తొలినాళ్లలో రాబర్ట్ మాన్స్‌ఫీల్డ్ అనే ఒక్క బ్రిటిష్ సైనికాధికారి అహ్మద్‌నగర్ ప్రాంతంలో 961 బట్టమేకలను కాల్చాడు. ఇవాళ దేశం మొత్తం మీద ఉన్న బట్టమేకలు 150 లోపే, ఎక్కువ భాగం రాజస్థాన్‌లో.

ఒకప్పుడు కర్నూలు జిల్లాలో, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్లపాడు ఈ పక్షికి తెలుగునాట చివరి ఆశ్రయం. 1980లలో పదుల సంఖ్యలో ఇక్కడ కనిపించేవి. 1988లో ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు అభయారణ్యం ప్రకటించారు. కానీ అది పక్షి అవసరానికి చాలా చిన్నది. చుట్టూ పొలాలు, పంటలు మారాయి, గడ్డి తగ్గింది, కుక్కలు పెరిగాయి. ఇటీవలి ఏళ్లలో రోళ్లపాడులో బట్టమేక కనిపించడమే అరుదు. ఇక్కడ వేట ఒక్కటే కారణమని చెప్పడం అన్యాయం. వేట ఆ జాతిని ఎంత పలచన చేసిందంటే, తర్వాత వచ్చిన చిన్న దెబ్బకు కూడా అది తట్టుకోలేకపోయింది. రాజస్థాన్‌లో ఇప్పుడు కరెంటు తీగలకు తగిలి చనిపోతున్నవి ఆ మిగిలినవే.

చీటా చరిత్ర ఇంకా సూటిగా ఉంటుంది. పరుగులో దానికి సాటి లేదు, మనిషి మచ్చిక చేసుకోవడమూ సులువు. మొగలుల కాలానికి ముందు నుంచే రాజులు జింకల వేటకు దాన్ని పెంచారు. అయితే బోనులో అది పిల్లలు పెట్టడం చాలా అరుదు, జహంగీరు తన కాలంలో ఒక్కసారి జరిగిందని ప్రత్యేకంగా రాయించుకున్నాడు. అంటే రాజుల దొడ్లలో ఉన్న వందలాది చీటాలన్నీ అడవి నుంచి పట్టుకొచ్చినవే. చంపకపోయినా, సంతతి లేకుండా బోనులో ఉంచడం అడవి లెక్కలో మరణంతో సమానం.

ఆ వేటలు మన తీరంలోనూ ఉండేవి. 1880లో విశాఖపట్నంలో గవర్నర్ ఏజెంటుగా ఉన్న ఓ.బి. ఇర్విన్ వేట సమయంలో చీటా దాడికి గురై చనిపోయాడు. అది విజయనగరం రాజా పెంచిన చీటా. భారతదేశంలో చీటా వల్ల మనిషి చనిపోయినట్లు నమోదైనది అదొక్కటే. అయినా బ్రిటిష్ ప్రభుత్వం చీటాను హాని చేసే మృగాల జాబితాలో చేర్చి, చంపినవారికి బహుమతులు ఇచ్చింది. పశువుల కాపరి చేతికి ఆ బహుమతి కొంత సొమ్ము. మైదానానికి మాత్రం అది ఒక్కో చీటా తగ్గడం. 20వ శతాబ్దం మొదట్లో భారతీయ చీటా దొరకక, రాజులు ఆఫ్రికా నుంచి చీటాలను దిగుమతి చేసుకునే స్థితి వచ్చింది.

1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్ ఉత్తర కొసన ఉన్న కొరియా సంస్థానంలో, మహారాజు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ ఒక రాత్రి వాహనంలో వెళుతూ మూడు మగ చీటాలను ఒకేచోట చూసి మూడింటినీ కాల్చేశాడు. మూడూ ఒకే ఈత పిల్లలని అంచనా. చచ్చిన చీటాల ఫోటో, వివరాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికకు చేరాయి. సంపాదకులు ఆ చర్యను ఘాటుగా ఖండిస్తూ వ్యాఖ్య రాశారు. భారతదేశంలో చంపినట్లు తిరుగులేని రుజువు ఉన్న చీటాల్లో అవే ఆఖరివి. 1952లో చిత్తూరు జిల్లాలో ఒక చీటా కనిపించిందని అదే పత్రికలో నమోదు ఉంది. ఆ ఏడాదే భారత ప్రభుత్వం చీటా అంతరించిందని ప్రకటించింది. కొరియాకు పొరుగున ఉన్న సుర్గుజా మహారాజు తాను చంపిన పులులు 1,150 అని స్వయంగా ఉత్తరంలో రాశాడు. ఆ కాలపు దర్బారు గోడలకు తగిలించిన తలల వెనుక ఎంత అడవి ఖాళీ అయిందో ఆ ఒక్క అంకెతో ఊహించవచ్చు. 2022 సెప్టెంబర్ 17న నమీబియా నుంచి 8, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి 12 చీటాలను మధ్యప్రదేశ్‌లోని కూనోకు తెచ్చారు. అవి ఆఫ్రికా ఉపజాతివి. మనది ఇరాన్‌లో మాత్రం కొద్ది సంఖ్యలో మిగిలి ఉంది.

ఇక బస్తర్ అడవి గేదె. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కోంటా బ్లాకులో, తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని మరైగూడ ఉంది. అవతల దుమ్ముగూడెం, చర్ల మండలాలు, దక్షిణాన గోదావరి, తూర్పున శబరి. ఊళ్లో దోర్లలు, కోయలు, తెలుగువాళ్లు కలిసి బతుకుతారు, సంత, బంధుత్వం రెండూ సరిహద్దు దాటి నడుస్తాయి. 19వ శతాబ్దంలో భారతీయ క్షీరదాల గురించి రాసిన టి.సి. జెర్డన్, అడవి గేదె మధ్య భారతం తూర్పు భాగంలో మిడ్నాపూర్ నుంచి రాయపూర్ దాకా, అక్కడి నుంచి దక్షిణంగా దాదాపు గోదావరి వరకూ ఉందని నమోదు చేశాడు. ఆ లెక్కన మరైగూడ పరిసరాలు ద్వీపకల్పంలో ఆ జంతువు సంచారానికి దక్షిణపు అంచు.

మనం సాధారణంగా అడవిదున్న అనే గౌర్ వేరు, ఇది వేరు. పాడిగేదెకు మూలపురుషుడు ఈ అడవి గేదెనే. మగది వెయ్యి కిలోలు దాటగలదు, కొమ్ములు అడ్డంగా విప్పారి ఉంటాయి. లండన్ బ్రిటిష్ మ్యూజియం సేకరణలోని ఒక కొమ్ము పొడవు ఆరున్నర అడుగులు. ఆ కొమ్ములే దాని కీడుకు కారణమయ్యాయి. పులి తల తర్వాత గోడకు తగిలించుకోవడానికి బ్రిటిష్ అధికారులు, సంస్థానాధీశులు, జమీందార్లు ఎక్కువ మోజుపడ్డది దీనికే. నీరు, గడ్డి, బురద ఉన్న వాగుల వెంట మందలుగా తిరిగే ఈ జంతువు, బట్టబయలు గడ్డిబీడులో తుపాకీకి దూరం నుంచే దొరికిపోతుంది. చూలు కాలం దాదాపు పది నెలలు, ఈతకు ఒక్క దూడ. మంద నుంచి రెండు మూడు పెద్ద దున్నలు పోతే, ఆ లోటు పూడటానికి ఏళ్లు పడుతుంది.

బస్తర్ ఆదివాసులూ వేటాడారు, దాచవలసిన విషయం కాదు. వేసవిలో విత్తనాల పండుగకు ముందు ఊరంతా కలిసి వెళ్లే పారద్ అనే సామూహిక వేట ఇక్కడి గోండు, కోయ సమాజాల్లో ఒక మొక్కు వంటిది. కానీ అది కొన్ని రోజులకు, ఊరి పొలిమేర అడవికి, విల్లంబులకు, బల్లేలకు పరిమితం. 1927 నుంచి 1931 దాకా బస్తర్ పాలనాధికారిగా ఉన్న డబ్ల్యు.వి. గ్రిగ్సన్ 1938లో ప్రచురించిన పుస్తకంలో మారియా గోండుల జీవనాన్ని విస్తారంగా నమోదు చేశాడు. నాట్యంలో వాళ్లు తలకు పెట్టుకునే కొమ్ముల కిరీటం గౌర్‌ది. అడవిని అంత దగ్గరగా నమ్ముకుని బతికే మనుషుల నడుమనే గౌర్, అడవి గేదె 20వ శతాబ్దం దాకా వచ్చాయి. తుపాకీ లైసెన్సులు, వేట అనుమతులు పెరిగాక ఆ కాలం ముగిసింది.

వేటకు తోడు పశువుల పెద్దరోగం (రిండర్‌పెస్ట్) కూడా వచ్చింది. పశువుల మందల నుంచి అడవి గేదెలకు సోకిన ఆ రోగం ఒక్క ఏడాదిలో మందలను ఊడ్చేయగలదు. వ్యవసాయం వాగుల ఒడ్డుకు చేరింది, గడ్డిబీడులు తగ్గాయి. పాడిగేదెలు అడవిలో మేసి అడవి గేదెలతో కలవడంతో సంతతి కల్తీ అయింది. అందుకే అడవి గేదె విషయంలో వేట ఒక్కటే చంపిందని ఆక్ గురించి చెప్పినంత ధీమాగా చెప్పలేం. ఉన్న మందలను చిన్నవి చేసి, ఒకదానికొకటి దూరం చేసి, మిగిలిన కారణాలకు దారి తెరిచింది మాత్రం వేటే. పెద్దరోగాన్ని మన దేశం జయించింది, 2011లో ప్రపంచమే దాని నుంచి బయటపడింది. కొమ్ముల మోజుకు పోయిన మందలు మాత్రం తిరిగి రాలేదు.

1960లలో జె.సి. డేనియల్, బి.ఆర్. గ్రబ్ మధ్య భారతంలో అడవి గేదెల పరిస్థితిని పరిశీలించారు. తర్వాత ఎం.కె. రంజిత్‌సిన్హ్ బస్తర్‌లోని కుట్రు ప్రాంతపు గేదెల గురించి రాశారు. 1970ల చివర ఇంద్రావతి జాతీయోద్యానం ఏర్పడింది, 1983లో అది పులుల రక్షిత ప్రాంతమైంది. ఆ దశకంలోనే చర్లకు పైన, తాలిపేరు వాగుల ప్రాంతంలో 262 చదరపు కిలోమీటర్ల పామేడు అభయారణ్యం వచ్చింది, ఉద్దేశం అడవి గేదెను కాపాడటమే. భైరమ్‌గఢ్, ఉదంతి అభయారణ్యాలు కూడా ఆ రోజులవే. అడవి గేదెకు 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. ఛత్తీస్‌గఢ్ దాన్ని రాష్ట్ర జంతువుగా ఎంచుకుంది.

అయితే కాగితం మీది రక్షణకు, అడవిలోని లెక్కకు మధ్య పెద్ద అగాధం ఏర్పడింది. దక్షిణ బస్తర్‌లో దశాబ్దాల సాయుధ సంఘర్షణ వల్ల అటవీ సిబ్బంది పామేడు, ఇంద్రావతి లోపలికి వెళ్లడం కష్టమైంది. 2005 తర్వాత కోంటా, బీజాపూర్ ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలు భద్రాచలం, చర్ల అడవుల వైపు తరలి వచ్చాయి. మనిషి బతుకే చెదిరిపోయిన చోట గేదెల మందను ఎవరు లెక్కపెడతారు? అలా లెక్క లేకపోవడమే ఒక ప్రమాదం. ఆక్ విషయంలోనూ చివరి జంట పోయిన పద్నాలుగేళ్ల తర్వాత గానీ శాస్త్రజ్ఞులు వెతకడానికి రాలేదు.

ఉదంతిలో లెక్క దొరికింది, కానీ అది బాధ కలిగించే లెక్క. 2007 ప్రాంతంలో అక్కడి మందలో మిగిలినవి ఏడు, వాటిలో ఆడది ఒక్కటే. దానికి ఆశ అని పేరు పెట్టారు. వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, రాష్ట్ర అటవీ శాఖ కలిసి దాన్ని కంచె లోపల ఉంచి సంతతి పెంచే ప్రయత్నం చేశాయి. ఆశకు పుట్టిన దూడల్లో మగవే ఎక్కువ. అందుకని హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పాడి పరిశోధన సంస్థ ఆశ చెవి కణజాలం నుంచి క్లోనింగ్ ద్వారా ఒక ఆడదూడను సృష్టించింది. 2014 డిసెంబర్ 12న పుట్టిన ఆ దూడే దీపాశ. పెరిగాక చూస్తే అది పాడిగేదెనే పోలి ఉందన్న అనుమానాలు చెలరేగాయి. 2020లో అస్సాంలోని మానస్ నుంచి ఒక జంట, 2023లో మరో నాలుగు ఆడగేదెలను బార్నవాపారా అభయారణ్యానికి తెచ్చారు. ప్రయత్నాలు చేసినవారి చిత్తశుద్ధిని శంకించనక్కర లేదు. కానీ ఏడింటి దశకు చేరాక చేసే ఖర్చు, పడే శ్రమ, తేలే ఫలితం చూస్తే, ఏడు వందలు ఉన్నప్పుడు వేట ఆపి ఉంటే ఎంత తేలికగా ఉండేదో తెలుస్తుంది.

కుట్రు, ఇంద్రావతి పరిసరాల్లో, ఇంద్రావతి నది అవతల మహారాష్ట్రలోని సిరొంచ అటవీ డివిజన్ కొలామార్కలో ఇంకా అడవి గేదెలు ఉన్నాయి. 2013లో మహారాష్ట్ర కొలామార్కను సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. మధ్య భారతపు అసలు సంతతి మిగిలి ఉన్నదిక ప్రధానంగా ఈ అడవుల్లోనే. ప్రపంచం మొత్తం మీద ఈ జాతి నాలుగు వేల లోపు, అందులో అత్యధికం అస్సాంలో.

పక్షుల విషయంలో తెలుగు పల్లెల అనుభవం కొంత ధైర్యం ఇస్తుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో శీతాకాలానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి చింత చెట్ల మీద గుడ్లు పెడతాయి. ఊరివాళ్లు వాటిని వేటాడనివ్వరు, అవి వస్తే ఊరికి మేలని నమ్ముతారు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు, నెల్లూరు దిక్కున నేలపట్టు కూడా పక్షుల సంరక్షణకు పేరు పొందినవే. అటవీ శాఖ బోర్డు రాకముందే కొన్ని ఊళ్లు ఈ పని మొదలుపెట్టాయి. దూరపు వర్తకుడి కోసం పక్షిని చంపిన ఎల్డే పడవవాళ్లూ పల్లెవాళ్లే, పక్షిని కాపాడిన తేలినీలాపురం వాళ్లూ పల్లెవాళ్లే. పక్షి మీద ఎవరికి హక్కు, ఎవరికి లాభం అన్నదాన్ని బట్టి మనిషి చేయి వేట వైపో, కాపుదల వైపో తిరుగుతుంది.

బస్తర్‌లోనూ ఆ పని ఊళ్ల నుంచే మొదలవ్వాలి. ఇప్పుడు రోడ్లు పడుతున్నాయి, అడవి లోపలికి రాకపోకలు తిరిగి మొదలవుతున్నాయి. ఈ అవకాశాన్ని ముందు లెక్కకు వాడాలి. పామేడు, ఇంద్రావతి, కొలామార్క ఒకే అడవి. ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, తెలంగాణ అటవీ శాఖలు విడివిడిగా కాక కలిసి అడవి గేదెలను లెక్కించాలి, ఆ లెక్కను ప్రజలకు చెప్పాలి. వాగుల వెంట పుట్టి పెరిగిన దోర్ల, కోయ, మారియా యువకులను ఆ పనికి జీతమిచ్చి నియమించాలి. పాడిగేదెలు అడవిలోకి వెళ్లే చోట్ల వాటికి టీకాలు వేయించాలి. కొమ్ముల కోసం, మాంసం కోసం అడవిలోకి వచ్చే తుపాకీ ఎవరిదైనా, అధికారి అయినా సరే, కేసు నడవాలి.